పేజ్‌మేకర్ ఉన్న పాత విండోస్ మిషన్ మార్చాలి: మ్యాకా, లినక్సా, మళ్ళీ విండోసేనా?

శుభలేఖ_కావలి:
అందరికీ నమస్కారం. కావలిలో మాకు చిన్న ప్రెస్సు ఉంది. ఆయన ఆఫ్‌సెట్ మిషన్ దగ్గర ఉంటారు, కంపోజింగ్ అంతా నాది. 2003 నుంచి ఇదే పని. శుభలేఖలు, పెద్దకర్మ పత్రికలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, ఎలక్షన్లప్పుడు కరపత్రాలు.

ఇప్పుడున్నది ఐ5 నాలుగో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్కు. విండోస్ 10 మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగుకి అను ఫాంట్లు. చేతికి అలవాటైంది ఆపిల్ లేఅవుట్, అంటే తెలుగు టైపింగుకి మీటల అమరిక ఒకటి. ప్రింటర్ కానన్ ఎల్‌బీపీ 2900. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. 11 పెడదామంటే ఈ మిషన్‌కి కుదరదని చూపిస్తా ఉంది. మా దగ్గర రోజుకి ఇరవై మంది పెన్‌డ్రైవులు పెడతారు. వాటిలో ఏముంటుందో తెలియదు, అదే నా భయం.

మా అబ్బాయి మ్యాక్ కొనమంటాడు. సర్వీసు చేసే కుర్రాడు కొత్త విండోస్ మిషన్ తీసుకోమంటాడు. విండోస్ బదులు వేసుకునే లినక్స్ అయితే ఖర్చే లేదని బంధువు ఒకాయన అన్నాడు. చేతిలో అరవై వేలున్నాయి. మాఘం ముహూర్తాలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి.

అసలు దిగులు పాత ఫైళ్ళది. పెళ్ళికార్డు నేను వేసిన ఇంట్లోనే తర్వాత పాప ఓణీల కార్డు కూడా నేనే వేశాను. అట్టాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళ ఇంటిపేరు ఎట్టా రాస్తారో, తాతగారి పేరు ముందు ఏ బిరుదు పెడతారో పాత ఫైలు తీసి చూసుకుంటాను. అవి పోకుండా మిషన్ మారే దారి ఏదైనా ఉందా?

పెన్నొడ్డు – నెల్లూరు:
అక్కా, నాది ట్రంకు రోడ్డులో సర్వీసు పని. తొందరపడి ఏదీ కొనొద్దు. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే అనుమతి. మీది నాలుగో తరం. టీపీఎం 2.0 అనే భద్రత చిప్పు కూడా కావాలి. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి, కానీ దుకాణం మిషన్‌కి నేను అట్టా చెయ్యను. రేపు ఒక అప్‌డేట్‌తో ఆగిపోతే సీజన్‌లో మిమ్మల్ని ముంచినవాణ్ణి అవుతా.

విండోస్ 10కే ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవచ్చు. మిషన్‌లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. అయితే అది ఇంటి కంప్యూటర్లకని పెట్టింది, దాని మీదే ఆధారపడి కూర్చోవద్దు.

ఇంకో పని వెంటనే చేయించండి. ఆ హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, పాతదాన్ని కదిలించకుండా బీరువాలో పెట్టండి. మీ వైపు సముద్రం గాలి కదా, ర్యామ్ కాళ్ళు మసకబారి మిషన్ ఆన్ కాకపోవడం నేను వారానికి రెండు మూడు చూస్తా. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

ఒంగోలు_లెక్కలు – ఒంగోలు:
అమ్మా, నేను లెక్కల మాస్టారిగా రిటైరయ్యాను. తొమ్మిదేళ్ళుగా ఇంట్లో లినక్స్ మింట్ వాడుతున్నాను. నా మిషన్ మీదానికంటే పాతది, ఐ3 మూడో తరం. మింట్ 22 దాని మీద హాయిగా నడుస్తోంది. ఆ వెర్షన్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

ముందు ఏమీ తీసెయ్యకుండా చూడండి. మింట్‌ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, మిషన్‌ని ఆ పెన్‌డ్రైవు నుంచి ఆన్ చేస్తే చాలు. మీ విండోస్‌ని అది ముట్టుకోదు. నచ్చకపోతే పెన్‌డ్రైవు తీసి మళ్ళీ ఆన్ చేసుకోండి.

టైపింగ్ గురించి: లినక్స్‌లో టైపింగు చూసే ఐబస్ అనే దానికి ఎం17ఎన్ ప్యాకేజీ జోడిస్తే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లతో పాటు ఆపిల్ పేరుతోనే ఒక లేఅవుట్ వస్తుంది. అనులో మీరు వాడేదానితో అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి. తేడా ఎక్కడుందో చేతికి వెంటనే తెలుస్తుంది.

మీ ప్రింటర్ మాత్రం చిక్కు పెడుతుంది, ముందే చెప్తున్నాను. ఎల్‌బీపీ 2900 కానన్ సొంత భాష సీఏపీటీతో పనిచేస్తుంది. లినక్స్‌లో దాన్ని నడిపించడానికి నేను మూడు రాత్రులు కూర్చున్నాను. ఎప్సన్ ఎల్ సిరీస్ ఇంక్ ట్యాంకులు అయితే ఆ బాధ లేదు.

ఉదయగిరి_దుర్గం – ఊరు ఉదయగిరి, పని బెంగళూరు:
అక్కా, నేను డిజైనర్‌ని, రోజూ మ్యాక్ మీదే పని. మీ అబ్బాయి చెప్పినదాంట్లో న్యాయం ఉంది. ఎం4 చిప్పుతో మ్యాక్ మినీ 2024 నవంబరులో వచ్చినప్పుడు మన దగ్గర ధర 59,900. ర్యామ్ 16 జీబీ, స్టోరేజి 256 జీబీ. మానిటరు, కీబోర్డు, మౌసు మీవే వాడుకోవచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు నాలుగైదు వాట్లకి మించి తాగదు, కరెంటు పోయినా యూపీఎస్ చాలాసేపు మోస్తుంది.

కానీ మీ పనికి దాన్ని కొనమని నేను చెప్పలేను. పేజ్‌మేకర్ 1985లో పుట్టిందే మ్యాక్ మీద. ఆల్డస్ వాళ్ళు చేశారు, 1994లో అడోబి చేతికి వెళ్ళింది, 2001లో వచ్చిన 7తో ఆగిపోయింది. ఓఎస్ ఎక్స్ అనే కొత్త సిస్టం వచ్చాక మ్యాక్‌కి తగ్గట్టు మళ్ళీ తయారు చెయ్యలేదు. కాబట్టి ఇప్పటి మ్యాక్ మీద మీ ఫైలు ఒక్కటి కూడా నేరుగా తెరుచుకోదు. ఎం సిరీస్ చిప్పుల మీద విండోస్ వేసుకున్నా అది ఏఆర్‌ఎం రకం, అంటే వేరే జాతి చిప్పులకి చేసిన విండోస్. మీ పాత సాఫ్ట్‌వేర్ల బతుకుతెరువు దానికి అప్పగించొద్దు.

ఇంకోటి. విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవుని మ్యాక్ చదువుతుంది, దాంట్లోకి రాయదు. మీ దగ్గరకి రోజుకి ఇరవై పెన్‌డ్రైవులు వస్తాయంటున్నారు. ఫైలు వేసి ఇవ్వాల్సి వచ్చిన ప్రతిసారీ ఆగిపోతారు.

కనిగిరి_చేను – కనిగిరి:
అక్కా, మిషన్ సంగతి కాసేపు పక్కన పెట్టి నా మాట వినండి.

మా నాన్న పద్యాలు రాసేవారు. పుస్తకం వేద్దామని 2006లో ఒక డీటీపీ సెంటర్‌లో కంపోజ్ చేయించారు. పుస్తకం రాలేదు, ఆయనా వెళ్ళిపోయారు. చేతిరాత ప్రతి వానకి తడిసి పోయింది. మిగిలింది ఒక సీడీ. దాన్ని నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరుచుకోలేదు. ఒకటి రెండు వర్డ్ ఫైళ్ళు తెరుచుకున్నాయి గానీ వాటి నిండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు. ఆ గీతల్లో మా నాన్న పద్యం ఉందని తెలుసు, చదవలేను.

ఎందుకట్టా అవుతుందో కనుక్కున్నాను. అను ఫాంట్లు తెలుగు అక్షరం ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చోబెడతాయి. ఫైల్లో ఉండేది ఇంగ్లీషు అక్షరమే, దాని మీద తెలుగు బొమ్మ ఉంటుంది. ఆ ఫాంటు ఉన్నంతకాలం తెలుగు కనిపిస్తుంది, ఫాంటు పోతే బొమ్మ పోతుంది. యూనికోడ్‌లో అట్టా కాదు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి 128 గదులు కేటాయించారు. ‘క’ రాస్తే ఫైల్లో ఉండేది ‘క’నే. ఫాంటు మారిస్తే వంపులు మారతాయి తప్ప అక్షరం పోదు. విండోస్, మ్యాక్, లినక్స్, చేతిలో ఫోను, అన్నీ దాన్ని చదువుతాయి.

మీ డిస్కులో ఇరవై రెండేళ్ళ కావలి ఉంది. ఎవరింట్లో ఎవరెవరు ఉన్నారో, ఏ పేరు ఎట్టా రాసుకున్నారో ఉంది. మీరు ఏ మిషన్ కొన్నా సరే, ముందు ఆ అక్షరాల్ని యూనికోడ్‌లోకి తెచ్చుకోండి. లేదంటే ఇంకో పదేళ్ళకి మీరూ నాలాగే సీడీ పట్టుకుని తిరగాల్సి వస్తుంది.

శుభలేఖ_కావలి:
తమ్ముడూ, మీ మాట చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నేనూ పేజ్‌మేకర్ లేని మిషన్‌లో ఎప్పుడూ చూసుకోలేదు. ఇవాళ మా అబ్బాయి ఫోనులోకి ఒక ఫైల్లోని మేటరు పంపి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది.

యూనికోడ్ అంటే నాకు తెలిసింది విండోస్‌లో గౌతమి ఫాంటు ఒక్కటే. దాంతో శుభలేఖ వేస్తే ఎవరు తీసుకుంటారు? మా దగ్గరకొచ్చేవాళ్ళు ముందు చూసేది అక్షరం అందమే. అందమైన అక్షరాలు యాడన్నా ఉన్నాయా?

ఉదయగిరి_దుర్గం:
ఉన్నాయక్కా, దండిగా ఉన్నాయి. సిలికానాంధ్ర వాళ్ళు తెచ్చినవి గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. రామభద్ర, రామరాజ, సురన్న, పెద్దన, ధూర్జటి, తిమ్మన, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, గిడుగు, గురజాడ, మండలి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి కార్డుల మీద వేసి అమ్ముకోవడానికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. పెళ్ళివారి పేర్లకి నేను శ్రీకృష్ణదేవరాయ వేస్తా, కింద మేటరుకి సురన్న లేదా మండలి. రామభద్ర బాగా లావు, కరపత్రాల హెడ్డింగుకి పనికొస్తుంది. పోతన, వేమన అనే పాత యూనికోడ్ ఫాంట్లు కూడా చూడండి, పుస్తకాల పనికి నాకు పోతన అంటే ఇష్టం.

అను దగ్గరున్నన్ని రకాలు ఇక్కడ లేవు, అది ఒప్పుకోవాలి. బాగా వంపులు తిరిగిన అలంకార అక్షరం కావాలని ఎవరైనా పట్టుబడితే వెతుక్కోవాల్సి వస్తుంది.

పేజ్‌మేకర్ లాంటిదే అయిన ఇన్‌డిజైన్ వాడే వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే: వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. యూనికోడ్ తెలుగు బాగోదని చాలామంది అనడానికి ఆ ఒక్క సెట్టింగే కారణం.

చీమకుర్తి_ఖాతాలు – చీమకుర్తి:
గ్రానైట్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. లెక్కలు ట్యాలీలో రాసుకునేవాళ్ళయితే విండోస్ మిషన్ ఒకటి ఉంచుకోండి. జీఎస్‌టీకి భయం లేదు. సొంత పేరు మీద వ్యాపారం అయితే ఫోనుకొచ్చే ఓటీపీతో రిటర్ను వేసుకోవచ్చు, ఏ కంప్యూటర్ అయినా ఒకటే. కంపెనీలకైతే డిజిటల్ సంతకం తప్పదు.

పొదిలి_కౌంటర్ – పొదిలి:
ఒక్క ముక్క. మీ దుకాణంలో వేలిముద్ర పెట్టి ఆధార్ డబ్బులు తీసిచ్చే పని కూడా ఉంటే, ఆ పరికరానికి కావలసిన ఆర్‌డీ సర్వీసు అనే సాఫ్ట్‌వేరు విండోస్‌కి, ఆండ్రాయిడ్‌కి వస్తుంది. నేను విండోస్ తీసేసి రెండు రోజులు కౌంటర్ మూసుకున్నాను. పింఛన్ డబ్బుల కోసం వచ్చిన ముసలివాళ్ళని తిప్పి పంపాల్సొచ్చింది, ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ పని లేకపోతే ఇది పట్టించుకోవద్దు.

పెన్నొడ్డు:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నా. లినక్స్ వేసిన మిషన్ సీజన్‌లో మొండికేస్తే కావలిలో చూసేవాళ్ళు ఎవరు? మా షాపులోనే నలుగురం ఉన్నాం, ముగ్గురికి అది రాదు. ఇంట్లో వాడుకునేవాళ్ళ మాట వేరు. పొద్దున పది గంటలకి ప్లేటు ఎక్కాల్సిన కార్డు ఆగితే అక్క మాట పడాలి.

ఒంగోలు_లెక్కలు:
మీరన్నది నిజం బాబూ. అందుకే అమ్మని ఉన్నది తీసెయ్యమని నేను అనలేదు. పాత మిషన్ పాత పని చేసుకుంటుంది. దాని ఇంటర్నెట్ తీగ పీకేస్తే సరి, బయటి పెన్‌డ్రైవులు పెట్టనివ్వకుండా ఉంటే సరి. కొత్త పని పక్కన ఇంకో మిషన్ మీద మొదలుపెట్టాలి. మొదలుపెట్టిన నెలలో వచ్చే చిక్కులకి నేను ఫోనులో ఉంటాను. మీ కుర్రాళ్ళు ముగ్గురిని కూడా ఒక ఆదివారం ఒంగోలు పంపండి, కూర్చోబెట్టి నేర్పిస్తాను.

పేజ్‌మేకర్ స్థానంలో స్క్రైబస్ చూడమ్మా. పాత 1.4 వెర్షన్ తెలుగు ఒత్తుల్ని సరిగా పేర్చేది కాదు, దాన్ని చూసి వెనక్కి రావద్దు. 2024 జనవరిలో వచ్చిన 1.6 నుంచి సరిగా వస్తున్నాయి. నాలుగు రంగులుగా, అంటే సీఎంవైకేలో, పీడీఎఫ్ తీస్తుంది. ఫాంటు ఆ పీడీఎఫ్‌లోనే ఇమిడి ఉంటుంది కాబట్టి దాన్ని ఏ మిషన్‌లో తెరిచి ప్రింటు కొట్టినా అక్షరం చెదరదు. అంటే మీ ఎల్‌బీపీ 2900ని పాత మిషన్‌కే ఉంచుకోవచ్చు.

పెన్నొడ్డు:
ఇట్టా అయితే నేనూ ఒప్పుకుంటా. ఆదివారం ఇద్దరిని పంపిస్తా మాస్టారూ, నేనూ వస్తా.

శుభలేఖ_కావలి (పన్నెండు రోజుల తర్వాత):
అందరికీ చెప్పాలని కూర్చున్నాను. మ్యాక్ ఆలోచన మానుకున్నాం. అబ్బాయి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గానీ ఉదయగిరి తమ్ముడు రాసింది చదివి సరే అన్నాడు.

పాత మిషన్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించి, అసలు డిస్కు బీరువాలో పెట్టాను. నెట్ తీసేశాను. వాడిన మిషనే ఒకటి, ఐ5 ఎనిమిదో తరం, నెల్లూరులో తీసుకున్నాం. ఇరవై వేల లోపే అయింది. రేపు కావాలంటే దానికి విండోస్ 11 కూడా ఎక్కుతుంది, ఆ ధైర్యంతోనే కొన్నాను. ఇప్పటికి మింట్ వేశాం. బయటి పెన్‌డ్రైవులన్నీ దీనికే.

మాస్టారు చెప్పిన ఆపిల్ లేఅవుట్ పెట్టుకున్నాను. ముప్పాతిక వంతు అక్షరాలు నా వేళ్ళు అనుకున్నచోటే వచ్చాయి. కొన్ని తేడా ఉన్నాయి, వాటికోసం చేతిని మళ్ళీ తిప్పుకుంటున్నాను. మొదటి మూడు రోజులు గంటలో చేసే కార్డుకి పూట పట్టింది. ఇప్పుడు గంటన్నర. ఇంకా పాత వేగం రాలేదు.

పాత ఫైళ్ళు అన్నీ ఒక్కసారి మార్చడం నావల్ల అయ్యేది కాదు. రెండు విధాలుగా చేస్తున్నా. ఖాళీ దొరికినప్పుడల్లా పేజ్‌మేకర్‌లో తెరిచి పీడీఎఫ్‌గా తీసి పెడుతున్నా, రోజుకి ముప్పై నలభై. ఏ ఇంటివాళ్ళయినా మళ్ళీ పనికి వస్తే వాళ్ళ మేటరు అప్పుడు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఆయన పాతది పైకి చదువుతుంటే నేను కొత్తది చూస్తున్నా. కన్వర్టర్‌ని నమ్మి వదిలేస్తే పని చెడుతుంది. మొన్న ఒక గోత్రంలో ఒత్తు మార్చేసింది. చదవకపోతే అట్టాగే ప్లేటుకి పోయేది.

ఒక్కటి మాత్రం తెగట్లేదు. ఒక కార్డులో పెళ్ళికొడుకు పేరు మస్తాన్‌వలి. యూనికోడ్‌లో కొడితే న కింద వ ఒత్తు పడి ‘మస్తాన్వలి’ అవుతోంది. మన జిల్లాలో మస్తాన్ పేరు ఎంతమందికి ఉందో మీకు తెలుసు. వాళ్ళ పెద్దాయన కార్డు చూసి, ఇది మావాడి పేరు కాదమ్మా అన్నారు. అనులో పొల్లు విడిగా పెట్టేదాన్ని. ఇక్కడ ఎట్టా?

కనిగిరి_చేను:
అక్కా, పొల్లు కొట్టాక, తర్వాతి అక్షరం కొట్టేముందు కంటికి కనిపించని గుర్తు ఒకటి పెట్టాలి. ఆ రెండూ కలవొద్దని అది చెబుతుంది. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో 200సి అని కొట్టి (ఆ సి ఇంగ్లీషు అక్షరం) ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. పేరు సరిగా వచ్చాక దాన్ని కాపీ చేసి స్క్రైబస్‌లో పెట్టుకోండి. ఇమ్రాన్‌బాషా, జాన్‌పాల్, రాజ్‌కుమార్, అన్నిటికీ ఇదే మందు. అట్టాంటి పేర్లన్నీ ఒక ఫైల్లో పెట్టుకుంటే ప్రతిసారీ కొట్టక్కర్లేదు.

పాత పద్యాల పుస్తకాల్లో కనిపించే నకారపు పొల్లు గుర్తుకి యూనికోడ్ 2021లో వేరే గది ఇచ్చింది. అది వేరు, దాన్ని ఇక్కడ వాడొద్దు. చాలా ఫాంట్లలో ఇంకా లేదు, డబ్బా కనిపిస్తుంది.

శుభలేఖ_కావలి:
వచ్చింది తమ్ముడూ! పెద్దాయన ప్రూఫు చూసి సంతకం పెట్టి వెళ్ళారు.

మీ నాన్నగారి సీడీ నాకు ఇవ్వండి. ఆ ఫైళ్ళు తెరిచే పేజ్‌మేకర్ ఇంకా నా దగ్గర బతికే ఉంది. పోస్టులో పంపొద్దు, పగిలిపోతుంది. కనిగిరి నుంచి ఎంతసేపు, మీరే తీసుకుని రండి. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

కనిగిరి_చేను:
ఆదివారం వస్తానక్కా.

శుభలేఖ_కావలి (తర్వాతి బుధవారం):
తమ్ముడూ, మీరు వెళ్ళాక కూడా కూర్చున్నాను. సీడీలో పదకొండు ఫైళ్ళున్నాయి. తొమ్మిది తెరుచుకున్నాయి, రెండు గీతలు పడి చదవలేదు. ఆ రెండింటికి పెన్నొడ్డు తమ్ముడు వేరే డ్రైవులో పెట్టి చూస్తానన్నాడు, సీడీ ఆయనకి మనిషి చేత పంపాను. తెరుచుకున్న వాటిలో మొత్తం ఎనభై నాలుగు పద్యాలు. పీడీఎఫ్‌లు మీకు పంపేశాను, యూనికోడ్ ప్రతి కూడా తీశాను.

కన్వర్టర్ చాలాచోట్ల ‘ఱ’ని ‘ర’గా మార్చింది, అరసున్నలు కొన్ని ఎగిరిపోయాయి. నాకు ఛందస్సు రాదు, ఊహించి దిద్దడం నాకు ఇష్టం లేదు. పద్నాలుగో పద్యం రెండో పాదంలో ఒక మాట పీడీఎఫ్‌లో కూడా అతుక్కుపోయి ఉంది. కాగితం మీద ప్రూఫు తీసి రేపటి బస్సులో పంపిస్తున్నాను. ఎర్ర పెన్నుతో దిద్ది పంపండి, మాఘం పని మొదలయ్యేలోపు సరిచేసి ఇస్తాను.